దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) చరిత్రపై దొరకని పాత పుస్తకాలను నెల్లూరు వాళ్లు ఎక్కడ వెతకాలి?

ముందు చెన్నై కన్నెమరా గ్రంథాలయంలో, తర్వాత అడయారులోని సమాజం గ్రంథాలయంలో వెతకండి. 1953 దాకా నెల్లూరు, ఒంగోలు మద్రాసు రాష్ట్రంలోవే. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాలని 1867 నాటి చట్టం చెప్పింది కాబట్టి ఇక్కడి పుస్తకాలకూ అప్పట్లో దారి మద్రాసే.

ఉదాహరణకు పరిశోధకుడు హాడ్జ్‌సన్ నివేదికను తీసుకోండి. 1882లో సమాజం స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద నెల్లూరు వచ్చారు. మూడేళ్లకే బ్లావట్‌స్కీ మహిమలు మోసమని ఆ నివేదిక తేల్చింది. అది విడి పుస్తకం కాదు, 1885లో, అతీంద్రియ విషయాలను పరిశోధించే లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ ప్రచురణలో భాగంగా వచ్చింది. అందుకే పుస్తకం పేరుతో వెతికితే కేటలాగ్‌లో చిక్కదు. ప్రచురణ పేరు, సంవత్సరం కావాలి. ఆ నివేదికను తప్పుపట్టిన వ్యాసాన్ని 1986లో అదే సొసైటీ అచ్చువేసింది. న్యాయంగా చూడాలంటే రెండూ చదవాలి.

దొరకనిదల్లా నిషేధించిందే అనుకోవడం పొరపాటు. నిషేధానికి ప్రభుత్వ ఉత్తర్వు, గెజిట్ ప్రకటన ఉంటాయి. ఎక్కువ పుస్తకాలు మళ్లీ అచ్చు కాకనే మరుగునపడతాయి. పాత తెలుగు పత్రికల కోసమైతే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది; ఆ ఊరు పూర్వం ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల.