లైనక్స్ సందేహాలు: పక్కనే ఉన్న బొమ్మ యాప్‌కి కనిపించదేం?

ప్రశ్న: అరండల్‌పేటలో డీటీపీ పని చేస్తాను. ఉబుంటులో ఫ్లాట్‌హబ్ అనే యాప్‌ల స్టోర్ నుంచి ఒక పేజీ డిజైన్ యాప్ వేసుకున్నాను. పార్టీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పెళ్లికార్డు ఫైలు తెరుచుకుంటోంది గానీ బొమ్మలన్నీ ఖాళీ గళ్లే. బొమ్మలూ అదే ఫోల్డర్‌లో ఉన్నాయండీ. (గుంటూరు)

జవాబు: ఫ్లాట్‌హబ్‌లో దొరికేవి ఫ్లాట్‌ప్యాక్ రకం యాప్‌లు. ఫ్లాట్‌ప్యాక్ యాప్ బబుల్‌ర్యాప్ అనే చిన్న ప్రోగ్రాం కట్టిన గదిలో నడుస్తుంది. అనుమతి లేనిదే గది బయట ఏముందో దానికి తెలియదు. ‘ఓపెన్’ నొక్కితే వచ్చే విండో సాధారణంగా యాప్‌ది కాదు, డెస్క్‌టాప్‌ది. పోర్టల్ అంటారు. మీరు ఎంచుకున్న ఒక్క ఫైలునే అది గదిలోకి అందిస్తుంది, పక్కనున్న బొమ్మల్ని అందించదు. ఎంబెడ్ చేసిన, అంటే ఫైలులోనే కలిపేసిన బొమ్మలకు ఈ తంటా లేదు, చిరునామా మాత్రమే పెట్టి లింక్ చేసినవాటికే.

లింక్ చేసిన బొమ్మ చిరునామా చూడండి. పెన్‌డ్రైవ్ పేరు లేకుండా రన్, యూజర్, 1000, డాక్ అని వరసగా ఉంటే అది పోర్టల్ ఇచ్చిన దారి, మీ కంప్యూటర్‌లో తప్ప పనికిరాదు. అలాగే సేవ్ చేసి ప్రెస్సుకు పంపితే అక్కడా ఖాళీ గళ్లే వస్తాయి.

హోమ్‌లో ఆర్డర్లకని ఒక ఫోల్డర్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లోది మొత్తం అందులోకి కాపీ చేయండి. యాప్‌ల అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ ఫ్లాట్‌హబ్‌లోనే దొరుకుతుంది, అది వేసుకుని, అందులో మీ డిజైన్ యాప్‌ని ఎంచుకోండి. ‘ఫైల్‌సిస్టమ్’ భాగంలో ‘అదర్ ఫైల్స్’ దగ్గర ఆ ఫోల్డర్ పూర్తి చిరునామా చేర్చండి. యాప్ పూర్తిగా మూసి మళ్లీ తెరిస్తేనే మార్పు అందుతుంది. చాలామంది ‘ఆల్ యూజర్ ఫైల్స్’ స్విచ్ వేసేసి, పెన్‌డ్రైవ్ ఇంకా కనిపించట్లేదంటారు. ఆ స్విచ్ హోమ్ వరకే. పెన్‌డ్రైవ్ ఉండేది మీడియా ఫోల్డర్ కింద. పైగా ఒక ఫోల్డర్ కోసం ఇల్లంతా తెరిచిపెట్టడం దేనికి?

తెలుగు ఫాంట్లు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంటే కనిపించవు. హోమ్‌లో దాగి ఉండే డాట్ లోకల్, అందులో షేర్, అందులో ఫాంట్స్ ఫోల్డర్‌లో వేస్తే గదిలోకీ చేరతాయి.

ప్రశ్న: ఫ్లాట్‌హబ్ నుంచి చిన్న యాప్ వేస్తే వందల ఎంబీలు దిగాయి. తీసేసినా జాగా రాలేదు. (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: దిగింది యాప్ ఒక్కటే కాదు, దానికి కావలసిన లైబ్రరీల మూట. దాన్ని రన్‌టైమ్ అంటారు. అదే వెర్షన్ మీద నడిచే రెండో యాప్‌కి మళ్లీ దిగదు. కానీ గ్నోమ్ డెస్క్‌టాప్ యాప్‌లు వాడే రన్‌టైమ్ ఆరు నెలలకొకటి కొత్తది వస్తుంది, పాతది వాడే యాప్ ఒక్కటున్నా రెండూ డిస్కులో కూర్చుంటాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంటే దాని డ్రైవరు మూట అదనం. ఎవరూ వాడనివి పోవాలంటే టెర్మినల్‌లో ‘ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్’ అని, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి ‘అన్‌యూజ్డ్’ అని ఇంగ్లిషులో కొట్టండి. యాప్ తీసినా దాని సెట్టింగులు హోమ్‌లో డాట్ వార్, దానిలో యాప్ ఫోల్డర్ కింద ఉండిపోతాయి. అవి అక్కర్లేదనుకుంటే చేత్తో తీసేయవచ్చు.

ప్రశ్న: ఉబుంటు 24.04లో యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయనక్కర్లేకుండా ఒకే ఫైలుగా వచ్చే యాప్) మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగదు. (విజయవాడ)

జవాబు: ముందు ప్రాపర్టీస్‌లో ప్రోగ్రాంగా నడిచే అనుమతి ఇవ్వండి. అయినా కదలకపోతే, యాప్‌ఇమేజ్ తెరుచుకోవడానికి కావలసిన లిబ్‌ఫ్యూజ్2టీ64 ప్యాకేజీ వేయండి. ఉత్త ‘ఫ్యూజ్’ ప్యాకేజీ మాత్రం వద్దు, డెస్క్‌టాప్‌కి కావలసిన ఫ్యూజ్3ని తీసేసి దాన్నే పాడుచేయవచ్చు. వెబ్ టెక్నాలజీతో యాప్‌లు తయారుచేసే ఎలక్ట్రాన్‌తో చేసిన యాప్ అయితే, 24.04లో ఉబుంటు భద్రతా వ్యవస్థ ఆప్‌ఆర్మర్ పెట్టిన కొత్త ఆంక్ష వల్ల శాండ్‌బాక్స్ (యాప్ తన చుట్టూ కట్టుకునే రక్షణ గోడ) దగ్గరే ఆగిపోవచ్చు. ‘నో శాండ్‌బాక్స్’ జోడించి నడపమనే సలహా వినకండి. యాప్‌ఇమేజ్‌కి సొంతంగా గది ఉండదు, ఎలక్ట్రాన్ కట్టుకున్న ఆ కాస్త గోడ కూడా పోతుంది. అదే యాప్ ఫ్లాట్‌హబ్‌లో దొరికితే అక్కడినుంచి వేసుకోండి.