నానోలో పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేస్తోంది. నానో పదార్థాల మీద ఎంజైములను అతికించి, అవి త్వరగా పాడవకుండా చూసే అంశంలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. నానోకు మంచి డిమాండ్ ఉందని మా బంధువు ఒకాయన అంటే, ఐదారేళ్లు వృథా అని ఆఫీసులో మిత్రులు అంటున్నారు. బయోఇన్ఫర్మాటిక్స్‌లో (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువులో) చేర్పిస్తే మేలా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. సబ్జెక్టు పేరు మారుతుంది కానీ భయం ఒక్కటే. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై ఏళ్లు దగ్గర పడతాయి, అప్పటికీ ఉద్యోగం లేకపోతే ఎలా అన్నదే మీ అసలు టెన్షన్. అందులో తప్పేమీ లేదు. ముందు దాని సంగతే చూద్దాం.

ఎంజైములంటే రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రొటీన్లు. వాటిని ఏదైనా ఘనపదార్థానికి అతికిస్తే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మీ అమ్మాయి ఎంచుకున్న ఈ పని నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. బొగ్గు పొడికి అంటుకున్నా చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ ఎంజైమ్ పని చేస్తూనే ఉంటుందని నెల్సన్, గ్రిఫిన్ అనే శాస్త్రవేత్తలు 1916లోనే చూపించారు. 1969లో జపాన్‌కు చెందిన తనాబే సీయాకు కంపెనీ అమైనో ఆమ్లాల తయారీలో ఈ పద్ధతిని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్ సిరప్‌గా మార్చాలన్నా, పెన్సిలిన్ నుంచి కొత్త యాంటీబయాటిక్స్‌కు కావలసిన ముడిసరుకు తీయాలన్నా ఇవాళ ఇలా బంధించిన ఎంజైములనే వాడుతున్నారు. ఈ పని నేర్చుకున్నవాళ్ల అవసరం మందుల తయారీలో ఉంది, ఆహార పరిశ్రమలో ఉంది, రక్తంలో గ్లూకోజ్ కొలిచే పరికరాల్లాంటి బయోసెన్సార్లలోనూ ఉంది. కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకోండి.

ఇక నా అనుమానం. అది 'నానో' అన్న మాట మీదే. పైన చెప్పిన పరిశ్రమల్లో ఎక్కువగా నడుస్తున్నవి మామూలు రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూసలు, సిలికా లాంటివే. నానో కణాలకు, అంటే కంటికి కనిపించనంత సూక్ష్మమైన రేణువులకు, ఒక మేలు ఉంది. గ్రాముకు ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి ఎక్కువ ఎంజైమ్ అతుక్కుంటుంది. అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ కణాలైతే చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ట్యూబు పక్కన అయస్కాంతం పెట్టగానే నల్లటి పొడి అంతా ఒక గోడకు చేరిపోతుంది, తేటనీరు వంచేసి మళ్లీ వాడుకోవచ్చు. కానీ చిన్న ట్యూబులో జరిగింది వెయ్యి లీటర్ల ట్యాంకులో అంత తేలిగ్గా జరగదు. చాలా థీసిస్‌లు ఆ ట్యూబు దగ్గరే ఆగిపోతాయి.

ఒక విద్యార్థిని తన గ్రాఫ్ తెచ్చి చూపించింది. పదిసార్లు వాడినా ఎంజైమ్ పనితనం 90 శాతం నిలిచిందట. "ఆ నూరు శాతం దేనికమ్మా?" అని అడిగాను. అతికించాక మొదటిసారి వచ్చిన విలువనే నూరుగా తీసుకుంది. అతికించేటప్పుడే ఎంత పోయిందో కొలవలేదు. ఎంజైమ్ అంటే ఒక పద్ధతిలో మడతలు పడిన ప్రొటీన్ గొలుసు. వేడి తగిలితే ఆ మడతలు విప్పుకుంటాయి, పని ఆగిపోతుంది. నాలుగైదు చోట్ల గట్టిగా కట్టేస్తే అంత త్వరగా విప్పుకోవు. కానీ ఆ కట్టు పని జరిగే చోటే పడితే ఎంజైమ్ నిలకడగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఈ లెక్క నిజాయితీగా కొలవగలిగిన అమ్మాయికి, ప్రొటీన్‌ను శుద్ధి చేయడం, అది పని చేసే వేగాన్ని లెక్కగట్టడం వచ్చిన అమ్మాయికి, నానో మోజు తగ్గినా చేతిలో విద్య ఉంటుంది. కణాలను తయారు చేసి, మైక్రోస్కోప్ ఫొటోలు పెట్టి పేపరు రాయడం మాత్రమే వచ్చిన వాళ్ల గురించే నాకు బెంగ.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. బంధువు ఏమన్నారో, ఆఫీసులో ఏమన్నారో రాశారు. అమ్మాయి ఏ ఎంజైమ్ మీద పని చేయాలనుకుంటోందో, ఎందుకో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు కదూ? ల్యాబ్‌లో చేతులతో పని చేయడం ఇష్టపడే పిల్లను స్కోప్ ఉందని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, ఆ ఐదేళ్లే అసలైన వృథా. బయోఇన్ఫర్మాటిక్స్ మంచి చదువే, కోడింగ్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు. ఎంజైమ్ జన్యువునే మార్చి మెరుగుపరిచే పద్ధతికి అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ వచ్చింది. ఆ దారిలో కంప్యూటరూ ల్యాబూ రెండూ కలుస్తాయి. ప్రొటీన్ నిర్మాణాలను చదవడం పీహెచ్‌డీ చేస్తూనే నేర్చుకోవచ్చు.

చేరే ముందు ఆ ల్యాబ్‌లో రెండు నెలలు చిన్న ప్రాజెక్టు చేయనివ్వండి. ఎంజైమ్ కణాల నుంచి ఊడిపోతోందా లేదా అని అక్కడ పరీక్షిస్తారా, మామూలు రెజిన్‌తో పోల్చి చూస్తారా, ఇంతకుముందు చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు, ఇవి కనుక్కోమనండి. తర్వాత మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయిని రాయమనండి.