మంచం దిగలేని అమ్మకు వ్యాయామం చేయించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నులక మంచంలోనే ఉంటోంది. రోజూ నూనె రాసి గట్టిగా మర్దన చేయిస్తున్నాం. చెయ్యి ఎత్తితే భుజం నొప్పని ఏడుస్తోంది. వ్యాయామం చేయించాలా, ఆపేయాలా?
- ఓ పాఠకురాలు, ఆదోని

జవాబు: ఆపకండమ్మా. పక్షవాతం తర్వాత తొలి ఆరు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారు. చేయించే తీరు మాత్రం మారాలి.

ముందు ఆ భుజం సంగతి. పడిపోయిన వైపు భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. మనిషిని లేపడానికి చెయ్యి పట్టి లాగినా, చంకలో చెయ్యేసి ఎత్తినా కీలు జారే ప్రమాదం ఉంది. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. పక్కకు తిప్పాలంటే వీపు వైపు భుజం రెక్క కింద ఒక అరచెయ్యి, తుంటి కింద ఇంకొకటి పెట్టి మెల్లగా దొర్లించండి. రెండు గంటలకోసారి ఇలా తిప్పితే పుండ్లు పడే భయమూ తగ్గుతుంది. నులక మంచం కుంగుతుంది కాబట్టి బల్లమంచం మీదికి మార్చండి.

వ్యాయామానికి మీ ఒక చేత్తో ఆమె మోచేతిని, ఇంకో చేత్తో మణికట్టును మోసి పట్టుకుని, నొప్పి లేనంత వరకే ఎత్తండి. భుజం ఎత్తు దాటించొద్దు. వేళ్లు బిగుసుకుంటే బలవంతంగా విప్పొద్దు. మణికట్టును కొంచెం కిందికి వంచి, ముందు బొటనవేలు, తర్వాత మిగతావి తెరవండి. మడమను అరచేతిలో పట్టి, పాదాన్ని మీ ముంజేతికి ఆనించి మోకాలి వైపు నెట్టి ఇరవై లెక్కపెట్టండి. లేదంటే పాదం వాలిపోయి, రేపు నిలబెట్టినప్పుడు మడమ ఆనదు. ఒక్కో కీలుకు పదిసార్ల చొప్పున పూటకోసారి చాలు.

ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఆమెనే కదిలించమనండి. మీరు చేసే పదింటికన్నా తనంతట తాను చేసే రెండే మేలు.

గట్టి మర్దన మానేయండి. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు మర్దన, వ్యాయామం రెండూ ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఆయాసం, గుండె నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

ఒకసారి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు తీసుకెళ్లి భుజం పరీక్ష చేయించండి. అక్కడి ఫిజియోథెరపిస్టు ముందు ఇవన్నీ మీరే చేసి చూపించి, తప్పులు దిద్దించుకోండి.