మూసలో పోసి ముద్రించవచ్చునా?

సందేహం: ఒక సాంకేతిక వ్యాసంలో 'టైటానియం పొడిని మూసలో పోసి, లేజరుతో విమాన భాగాన్ని ముద్రించారు' అని చదివాను. మూసలో పోస్తే అది పోత కాదా? పోతను ముద్రణ అనవచ్చునా? ఈ పద్ధతికి పెట్టిన 'సంకలన తయారీ' (అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్) అనే కొత్త మాట సరైనదేనా?

సమాధానం: మీరు మూడు మాటలు అడిగారు. నా మనసు మాత్రం మూస దగ్గరే ఆగిపోయింది. ఇది సంస్కృత 'మూషా' శబ్దానికి తద్భవం. భాష బాస అయినట్లే మూష మూస అయింది. దాని తొలి అర్థం లోహాన్ని కరిగించే పాత్ర. కంసాలి బంగారాన్ని కరగబెట్టేది అందులోనే. కరిగినదాన్ని పోసి రూపు తెచ్చే అచ్చుకూ ఆ పేరే చెల్లింది. అక్కడి నుంచి 'మూస కథ', 'మూస ధోరణి' పుట్టాయి. నేటి రాతల్లో ఈ చివరి అర్థం ఒక్కటే మిగిలింది. మాట వెనక ఉన్న నిప్పును మరచిపోతే ఇలాంటి వాక్యాలే వస్తాయి.

ఎందుకంటే టైటానియం మూసకు లొంగే లోహం కాదు. 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. కరిగిందా, తాకిన మూసను దాదాపు ఏదైనా సరే తినేసి, ఆ మలినాన్ని తనలో కలుపుకుంటుంది. అందుకే పోత పోయదలచినవారు నీటితో చల్లబరిచే రాగి పాత్రలో దాన్ని కరిగిస్తారు. చల్లని రాగిని తాకినచోట టైటానియమే గడ్డకట్టి పెంకులా ఏర్పడుతుంది. తక్కిన ద్రవం ఆ పెంకులో నిలుస్తుంది. తనకు తానే మూస! ఇంత చక్కని సంగతి ఉన్న లోహం గురించి రాస్తూ, 'మూసలో పోసి' అని తేల్చేయడం తగదు.

పైగా ఆ వ్యాసకర్త చెప్పదలచిన పనిలో అసలు మూసే లేదు. పొడిని 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. లేజరు తిరిగినంత మేరా అది కరిగి కింది పొరతో ఏకమవుతుంది. పీఠం ఒక పొర మందం కిందికి దిగుతుంది, మళ్లీ పొడి పరుస్తారు. వేడిలో టైటానియం ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకొని పెళుసెక్కుతుంది కనుక ఆ గదిని ఆర్గాన్ వాయువుతో నింపుతారు.

'పోయు' నీళ్లకూ గింజలకూ చెల్లే క్రియ. 'పొడి పోసి' అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాని ఇక్కడ జరిగేది పరచడం. నికెల్ మిశ్రమాలతో టర్బైను రెక్కలను పోత పోస్తారు. ఆ మాటను అక్కడ నిక్షేపంగా వాడండి.

ముద్ర ఒత్తితే పడేది. ఇక్కడ ఒత్తడం లేదు. అయినా 'త్రీడీ ప్రింటింగ్' లోకంలో పాతుకుపోయింది కాబట్టి ముద్రణను నేను కొట్టివేయను. ఇక సంకలనం గణితంలో కూడిక, దానికి ఎదురు వ్యవకలనం. దిమ్మెను తొలిచి భాగాన్ని తీయడం వ్యవకలనమైతే ఇది సంకలనమే. జత బాగా కుదిరింది. చిక్కల్లా, ఆ మాట వినగానే కవితా సంకలనం స్ఫురించడం. నాకైతే 'చేర్పు' మీద మనసు. కూర్పు, మార్పు, తీర్పుల వరుసలోది, పలకడానికి సులువు. దానికీ 'మార్పులు చేర్పులు' జంట అడ్డు తగులుతుందేమో. శీర్షికలో ఏది పెట్టినా, వాక్యంలో మాత్రం 'పొరపొరగా కరిగించి నిర్మించారు' అనండి. ఆ మూసను తప్పక తీసేయండి.