సబ్‌వూఫర్‌లో గుయ్యిమనే మోత: ముందు వైరు పీకి చూడండి

అన్నా, పాట పెట్టకపోయినా మీ సబ్‌వూఫర్ గుయ్యిమంటోందని, కాజీపేటలో మెకానిక్ బోర్డే మార్చాలన్నాడని రాశారు. బోర్డు దాకా ఇప్పుడే పోకండి.

ముందు వెనకున్న ఆడియో కేబుల్ పీకేసి, పవర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. మోత ఆగిపోతే సబ్‌వూఫర్‌కు రోగం లేనట్టే. తప్పు కేబుల్‌దో, ఎర్తింగ్‌దో. సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైరు కూడా ఓసారి తీసి చూడండి, చాలా ఇళ్లలో దొంగ అదే. టీవీ, సెట్‌టాప్ బాక్స్, సబ్‌వూఫర్ అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. మన దగ్గర ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, దాంట్లో నీళ్లు పోయించండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా కోసేయొద్దు, షాక్ కొడుతుంది.

కేబుల్ పీకినా మోత అలాగే ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లను, అంటే లోపల బోర్డు మీద కరెంటును నిలకడగా చేసే చిన్న డబ్బాల్లాంటి వాటిని, అనుమానించాలి. ప్లగ్ తీసినా వాటిలో కరెంటు నిలిచే ఉంటుంది, అలవాటు లేకపోతే చెయ్యి పెట్టకండి. పైమూత ఉబ్బి, గోధుమరంగు జిగురు కారినట్టుంటే మార్చాల్సిందే. పాతదాని మీద రాసున్న అదే మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యం కొలత), అంతే లేదా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం అడగండి. హనుమకొండ చౌరస్తా వైపు స్పేర్ పార్టుల షాపుల్లో అడిగి చూడండి.

స్పీకర్ మీద డౌటుంటే దాని వైర్లు విప్పి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. కోన్ టక్కున కదలాలి, గరగర రాకూడదు.

బాగయ్యాక క్రాసోవర్ (ఎంత లోతు శబ్దం నుంచి సబ్‌వూఫర్‌కు పంపాలో చెప్పే నాబ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఫేజ్ స్విచ్ (సబ్‌వూఫర్ శబ్దాన్ని మిగతా స్పీకర్లతో కలిపేది) అటూ ఇటూ మార్చి, మీరు కూర్చునే చోట బేస్ ఎటు నిండుగా వస్తే అటే ఉంచండి.