పెట్టె కొనేముందు చుట్టూ చేన్లు చూసుకో అమ్మీ

లక్ష్మమ్మీ,

నీ మెసేజు చూసినా. సంక్రాంతి దాటినాక మూడెకరాల్లో కళింగర (పుచ్చకాయ) పెడ్తాం, గెనిమ గట్టు మీద నాలుగు తేనెపెట్టెలు పెట్టుకుంటాం అత్తా, పెట్టె రేటెంత, యాడ దొరుకుతాయి అని అడిగినావు. అల్లుడు గూడ వీడియోలు చూసి ఊ అన్నాడంటివి. శానా సంతోషం, నేనైతే వద్దనను. కాకపోతే రేటు సంగతి తర్వాత, ముందు మీ చేను చుట్టూ ఎవరెవరు ఏం పంట పెట్టినారు, ఎవరు ఏ మందు ఏ టైంలో కొడ్తారు, అది కనుక్కో.

ఎందుకు చెప్తాండానంటే మన నాటు ఈగ, అదే పుట్టతేనె ఈగ, మేతకని కిలోమీటరు దాకా సులభంగా పోతాది, దగ్గర్లో పూత లేకపోతే ఇంకా దూరం గూడ పోతాది. కిలోమీటరంటే నాలుగు దిక్కులా లెక్కేస్తే ఏడువందల డెబ్బై ఎకరాల పైమాటే. అందులో మీవి మూడు. మిగతాదంతా ఊరోళ్ల చీనీ (బత్తాయి) తోటలు, టమోటా, కంది, పొద్దుతిరుగుడు. మీరు జీవామృతం, కషాయాలు అని ఎంత నిష్ఠగా చేసుకున్నా పక్కచేనాయప్ప పొద్దున తొమ్మిదికి పూత మీద మందు కొట్టినాడంటే మధ్యాహ్నానికి మీ పెట్టె సగం ఖాళీ. అంతే. ఈగకి గెట్టు తెలీదు, సర్వే నెంబరు తెలీదు.

మందు దెబ్బ ఎట్లుంటాదో చెప్తా, కొత్తోళ్లు దాన్ని చూసి ఏదో రోగమనుకుంటారు. రోగమైతే మెల్లగా వస్తాది, మందు దెబ్బైతే నిన్న మాపుదాకా జోరుగా తిరిగిన పెట్టె ముందర ఈ పొద్దు దోసిళ్లకొద్దీ చచ్చిన ఈగలు పడుంటాయి. కొన్ని ఇంకా చావకుండా ఎల్లకిలా పడి గిర్రున తిరుగుతుంటాయి, రెక్కలు కొట్టుకుంటాయి గానీ ఎగరలేవు. వంగి చూడు, నాలుక బయటికొచ్చి ఉంటాది, కొన్నిటికి కాళ్లకి పుప్పొడి ముద్దలు అట్లే ఉంటాయి, అంటే మేత తెచ్చుకుంటా వచ్చి వాకిట్లో పడిపోయినాయన్నమాట. ఇంకా చానా ఈగలు దారిలోనే పడిపోయింటాయి, అవి నీ లెక్కలోకే రావు. లోపల రాణి ఈగ బతికే ఉంటాది, గుడ్లు పెడ్తానే ఉంటాది, కానీ పిల్లలకి మేత తెచ్చేవాళ్లు లేక గూడు కూలిపోతాది. గుడ్డు పెట్టినప్పట్నుంచి కూలి ఈగ బయటికి రావడానికే మూడు వారాలు పడ్తాది, వచ్చినాక గూడ ఇంకో రెండు మూడు వారాలు ఇంటిపని చేసి ఆ తర్వాతే మేతకు పోతాది. ఇప్పుడు పోయినవాటికి బదులు వచ్చేది నెల దాటినాకనే.

ఇంగ మందుల అంగడి సంగతి. మా ఊర్లో అంగడాయప్పని ఇది ఈగలకి ఏమన్నా చేస్తాదా అని అడిగితే డబ్బా తిప్పి చూపిచ్చి నీలం గుర్తుంది కదమ్మా ఏం కాదు అన్నాడు. ఈ మాట నమ్మొద్దు అమ్మీ, శానామంది ఇక్కడే బోల్తా పడ్తారు. డబ్బా మీద ఉండే ఆ ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు మనిషికి, పశువులకి ఎంత విషమో చెప్పేవి, ఈగకి కాదు. థయామిథాక్సామ్ నీలం గుర్తు మందే, కానీ తేనెటీగకి అది మహా విషం. ఇమిడాక్లోప్రిడ్ గూడ ఈగకి అంతే విషం, ఫిప్రోనిల్, క్లోరిపైరిఫాస్ అయితే చెప్పనే పన్లేదు. డబ్బా ముందరుండే కంపెనీ పేరు చూడొద్దు, కింద చిన్నక్షరాల్లో అసలు మందు పేరు రాసుంటాది అది చదువు, ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు. చదవడం కష్టమైతే ఫోటో తీసి నాకు పంపు.

ఇమిడా, థయామిథాక్సామ్ లాంటివాటితో ఇంకో తంటా ఏమంటే అవి ఆకు మీద ఆగవు, చెట్టు లోపలికి పోతాయి, వేరు కాడ పోసినా ఇత్తనానికి పట్టిచ్చినా గూడ తర్వాత పూలలో పుప్పొడిలోకి, మకరందంలోకి కొంచెం కొంచెం వస్తాయి. వెంటనే చావకపోయినా ఈగకి దారి మతికి లేకుండా పోతాది, మేతకి పోయింది ఇంటికి రాదు. యూరప్‌లో 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామిథాక్సామ్ ఈ మూడింటినీ గ్రీన్‌హౌసుల్లో తప్ప బయట పొలాల్లో వాడకుండా ఆపేసినారు. మన దగ్గర అంగట్లో అడిగితే ఇచ్చేస్తారు. మీరు కొనే ఇత్తనం గూడ ఎర్రగానో నీలంగానో రంగేసి ఉంటే దేంతో శుద్ధి చేసినారో ప్యాకెట్ మీద చూడండి.

సరే, పక్కోళ్లతో ఏం చెయ్యాలంటావు. కొట్లాటకి పోవద్దు. వాళ్లు పంట కాపాడుకోవాలనే కొడ్తారు, అప్పు తెచ్చి పెట్టింటారు, నీ ఈగల కోసం మానుకోమంటే ఎవరు మానుకుంటారు. మానుకోమనొద్దు, టైం మార్చమను. పూత ఉన్నప్పుడు కొట్టకుండా ఉంటే మేలు, తప్పదంటే పొద్దు మునిగే టైంలో కొట్టమను, అప్పటికి ఈగలు ఇండ్లకి చేరుకుంటాయి, రాత్రంతా మందు ఆరుతాది, కొన్ని మందుల విషం దాంతో శానా తగ్గుతాది. అన్నీ తగ్గవు, కొన్ని రోజుల తరబడి ఉంటాయి, అది గూడ తెలిసుండాల. పొడి మందు చల్లేది మాత్రం అసలొద్దని చెప్పు, పుప్పొడితో పాటు ఆ పొడిని గూడ కాళ్లకి అంటించుకోని గూట్లోకి మోసుకొస్తాయి. ఇంకో లాభం గూడ చెప్పు వాళ్లకి, సాయంత్రం కొడితే ఎండకి మనిషి ముఖాన మందు పడి తిప్పేది తగ్గుతాది. చీనీ తోటాయన ఉంటే ఆయనతో ముందు మాట్లాడు, చీనీ పూతంటే ఈగలు విరగబడ్తాయి, ఆయనకి గూడ పిందె బాగా నిలబడ్తాది. కొట్టే ముందురోజు ఒక ఫోన్ చెయ్యన్నా అని నెంబరియ్యి. తేనె తీసినప్పుడు ఒక సీసా ఇయ్యి, ఇది మర్చిపోవద్దు, మాట కంటే ఇదే బాగా పని చేస్తాది. వినేవాళ్లు వింటారు, విననోళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల చేను దగ్గర్లోనే ఉంటే పెట్టెలు ఇంకోపక్క పెట్టుకోడమే.

ఫోన్ వస్తే ఏం చెయ్యాలంటే, ఆ రాత్రి ఈగలన్నీ లోపలికి పోయినాక వాకిలికి సన్న జాలీ కొట్టు, గాలాడాల. తెల్లారి పెట్టె మీద తడి గోనెసంచి కప్పి నీడలో ఉంచు, మధ్యమధ్యలో సంచి తడుపుతాండు. ఒక రోజుకి మించి మూయొద్దు, మన ఎండలకి లోపల మైనం కరిగి అన్నీ ఉడికి చస్తాయి. రెండు మూడు రోజులు కొట్టే పనైతే రాత్రిపూట బండిలో ఏసుకోని మూడు కిలోమీటర్లు దాటించు. ఈ చివర్నుంచి ఆ చివరికి మార్చినామంటే కుదరదు, అవి పాత జాగాకే వచ్చి గుంపుగా పడి చస్తాయి.

ఇంగ మీ చేన్లో సంగతి. కళింగరకి ఈగ ఎంత అవసరమో తెలుసునా? మగపూలు వేరే, ఆడపూలు వేరే, ఒకే తీగకి. ఆడపువ్వుని గుర్తుపట్టడం సులభం, పువ్వు కింద నూగు నూగుగా గోలీకాయంత పిందె ముందే ఉంటాది. ఆ పువ్వు పొద్దున్నే ఇచ్చుకుంటాది, మధ్యాహ్నానికి ముడుచుకుంటాది, మళ్లా జన్మలో తెరుచుకోదు. ఆ నాలుగైదు గంటల్లోనే ఈగలు ఏడెనిమిది సార్లన్నా వచ్చి వాలాల, అప్పుడు కాయ నిండుగా కడ్తాది. తక్కువ వాలితే పిందె పండిపోయి రాలిపోతాది, లేదంటే ఒకపక్క ఉబ్బి ఒకపక్క పీక్కుపోయి వంకర కాయ అయితాది, మార్కెట్లో దాన్ని పక్కన పడేస్తారు. అందుకే కళింగరలో పొద్దున పూట మందు కొట్టడమంటే మన చేత్తో మనం కాయ తెంపేసుకోడమే.

పురుగుకేం చెయ్యాలంటే పసుపు, నీలం జిగురు అట్టలు నాటడం నుంచే పెట్టండి, చుట్టూ జొన్న రెండు మూడు సాళ్లు ఏసుకుంటే తెల్లదోమ, పేనుబంక అంత తొందరగా లోపలికి రావు. పండుఈగకి లింగాకర్షక బుట్టలు దొరుకుతాయి. వేపగింజల కషాయం, అయిదు కిలోల గింజల పొడి వంద లీటర్ల నీళ్లకి, పూత రాకముందు నుంచే కొట్టుకుంటా రండి. అయితే కషాయమే కదా అని పొద్దున పూత మీద కొట్టొద్దు, దాన్ని గూడ మాపునే కొట్టండి. మందు కలిపిన డబ్బా, పంపు కడిగిన నీళ్లు గుంతలో నిలబడేట్టు పోయొద్దు, ఎండాకాలం ఈగలు ఆ నీళ్లే తాగుతాయి. వాటికని వేరే చట్టిలో నీళ్లు పోసి నాలుగు గులకరాళ్లు ఏసి పెట్టు, రాళ్ల మీద నిలబడి తాగుతాయి, లేకపోతే పడి మునిగిపోతాయి.

ఏ ఈగ తేవాలా అనేదానికి నా మాట నాటు ఈగే. ఇటాలియన్ ఈగ తేనె జాస్తి ఇస్తాది, కాదనను, కానీ దానికి పూత ఉన్నచోటికల్లా పెట్టెలు లారీలో మోసుకోని తిరగాల, ఈగల ఒంటికి పట్టే పేనుకి మందులు పెట్టాల, మేత లేనప్పుడు చక్కెర నీళ్లు పోస్తానే ఉండాల. నాటు ఈగ పేనుని తనే పట్టి దులిపేసుకుంటాది. పెట్టెకి ఏడాదికి నాలుగైదు కిలోలు వస్తే మన ఎండల్లో అదే గొప్ప. అలిగితే లేచిపోతాది గూడ, ఎండ తగిలినా చీమలెక్కినా ఊరికే తెరిచి చూస్తాన్నా ఒకరోజు పొద్దున చూస్తే పెట్టె ఖాళీగా ఉంటాది. కాబట్టి వేపచెట్టో చింతచెట్టో నీడలో తూర్పు మొగంగా పెట్టు, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు, వారానికొకసారి తెరిస్తే చాలు. చూసేటప్పుడు టెంకాయ పీచు పొగ కొంచెం, తలకి నూనె వాసనలు, సెంట్లు వద్దు. ఈగలు తక్కువై ఖాళీగా పడున్న పెర ఉంటే తీసెయ్యి, మైనపు పురుగు అక్కడే చేరుతాది. పెట్టె లోపలుండే చెక్క ఫ్రేములకి పైన సన్నంగా మైనం పట్టీ అతికిచ్చి ఇడిసిపెట్టు, మిగతాది అవే కట్టుకుంటాయి, నిండు మైనపు షీట్లు అవసరం లేదు.

తేనె తియ్యడంలో ఆశ పడొద్దు. మైనం మూత ఏసిన గదులుండే ఫ్రేములే తియ్యాల, మూత లేనిది పచ్చి తేనె, పులిసిపోతాది. పెట్టెలో పిల్లలుండే కింది అంతస్తు ముట్టుకోవద్దు. ఎండాకాలానికని వాటికి కొంత ఇడిసిపెడితే చక్కెర నీళ్ల పని ఉండదు. మనం పొద్దుగూకులూ తిట్టుకునే సర్కారు కంప ఉంది చూడు, ఎండల్లో ఏ పూత లేనప్పుడు అదే పూసి వీటిని బతికిస్తాది. అందుకే చేను చుట్టూ కంప మొత్తం జేసీబీతో పెరికిచ్చే ముందు ఒకపక్క కొంచెం ఉంచు. గెనిమల మీద కానగ, మునగ, రేగు నాటు, ఒక సాలు నువ్వులో కొత్తిమీరో చల్లు.

కుడితే కొండిని వెంటనే తియ్యి, గోరుతో గీకినా వేళ్లతో లాగినా సరే, ఎంత తొందరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతాది. మొగం ఉబ్బినా ఊపిరి ఆడకపోయినా పసుపు గిసుపు పూసుకుంటా కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాల.

పెట్టెలు నాలుగు వద్దు, ఈ ఏడాదికి రెండు చాలు. ఒకటి మాత్రం పెట్టొద్దు, రెండుంటే ఒకటి నీరసించినప్పుడు ఇంకోదాంట్లోంచి పిల్లల ఫ్రేము ఒకటి తీసిచ్చి నిలబెట్టుకోవచ్చు. రెడ్డిపల్లి కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రంలో) ట్రైనింగ్ ఎప్పుడుందో అల్లుడిని పోయి అడగమను, సబ్సిడీ సంగతి గూడ ఆడే అడగమను. ఈగల్ని కళ్లతో చూడకుండా దూరం నుంచి తెప్పించుకోవద్దు, 1990ల మొదట్లో దక్షిణాదిలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి నాటు ఈగ గూళ్లు లెక్కలేకుండా పోయినాయి, అది ఇంకా ఉంది. కొనే రోజు నాకు వీడియో కాల్ చెయ్యి, పిల్లల ఫ్రేము ఎండకి ఎత్తి పట్టు. పిల్లలు తెల్లగా మెరుస్తా అడుగున చుట్టుకోని ఉండాల, మూతలు వరసగా ఉండాల. సంచి మాదిరి ఉబ్బి తల పైకెత్తి గదిలో నిలబడి చచ్చిన పిల్లలు నాలుగు కనపడినా చాలు, బేరం మాట్లాడకుండా వచ్చెయ్యి.

మీ అత్త