రక్తం తగ్గాక గేటుకి తాళం ఇంకా గట్టిగా వేయండి

మీ ఎనిమిది నెలల లాబ్రడార్ పడుకున్న చోట నిన్నటి నుంచి రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయని, గేటు దగ్గర వీధికుక్కలు చేరాయని రాశారు. ఇది ఎన్నాళ్ళు ఉంటుంది, స్నానం చేయించవచ్చా, ఆపరేషన్‌కి ముందు ఒకసారి పిల్లల్ని పెట్టనివ్వాలా అని అడిగారు. టెన్షన్ పడకండి. దెబ్బా కాదు, జబ్బూ కాదు. మీ కుక్క మొదటిసారి హీట్‌కి, అంటే ఎదకి, వచ్చింది. ఆరు నెలల నుంచి ఏడాది లోపు చాలావాటికి మొదలవుతుంది, పెద్ద జాతులకి ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ తర్వాత సుమారు ఆరు నెలలకోసారి వస్తుంది.

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా చిన్ని మొదటిసారి హీట్‌కి వచ్చింది మార్చిలో. "చిత్తకార్తె ఇంకా ఏడు నెలలుందిగా, ఇప్పుడేంటి?" అన్నారు మా అత్తగారు. వీధికుక్కలు ఎక్కువగా అక్టోబరులో ఆ కార్తె రోజుల్లోనే జత కడతాయి కాబట్టి అన్నిటికీ అదే సీజన్ అనుకుంటాం. ఇంట్లో పెరిగే కుక్కలకి ఆ లెక్క లేదు, ఏ నెలలోనైనా రావచ్చు. ఇంకో సంగతి, ఇంట్లో ఆడవాళ్ళ నెలసరిలాగే అనుకుని దాన్ని మూడు రోజులు బయట వరండాలో కట్టేశాం. రెండూ తప్పే.

ఆడవాళ్ళకి గర్భం రానప్పుడు రక్తస్రావం అవుతుంది. కుక్కకి సరిగ్గా తిరగేసి జరుగుతుంది. గర్భానికి ఒళ్ళు సిద్ధమవుతున్నప్పుడు ముందుగా రక్తం కనబడుతుంది, అండం విడుదలయ్యేది ఆ తర్వాత. ఈ తేడా మాకు ముందే తెలిసుంటే చాలా కష్టం తప్పేది.

మొదటి దశ సుమారు తొమ్మిది రోజులు. మూత్రం పోసే చోటు (మానం) వాస్తుంది, ఎర్రటి స్రావం ఉంటుంది. మగకుక్కలు వాసనపట్టి వస్తాయి, కానీ ఇది గుర్రుమని తరిమేస్తుంది. తర్వాత ఇంకో తొమ్మిది రోజులు, అటూ ఇటూగా, అసలైన హీట్. ఎరుపు తగ్గి మాంసం కడిగిన నీళ్ళ రంగులోకో, ఎండుగడ్డి రంగులోకో మారుతుంది. తోక మొదట్లో గోకి చూడండి. తోక పక్కకి తిప్పి కదలకుండా నిలబడితే ఆ రోజులు వచ్చేసినట్టే. నేను రోజూ పొద్దున తెల్లటి టిష్యూతో ఒకసారి అద్ది రంగు చూసేదాన్ని, రెండోసారి నుంచి. మొదటిసారి ఆ బుద్ధి లేకపోయింది.

పన్నెండో రోజున నేల మీద చుక్కలు ఆగిపోయాయి. అయిపోయిందనుకున్నాం. తెల్లారి ఐదున్నరకి పాలప్యాకెట్ల కోసం గేటు జానెడు తెరిచాను, నా కాళ్ళ సందులోంచి దూరి వెళ్ళిపోయింది. వెతికి పట్టుకునేసరికి రెండు వీధుల అవతల ఒక మగకుక్కతో అతుక్కుని ఉంది. ఎవరో బకెట్‌తో నీళ్ళు తెస్తున్నారు, ఇంకొకరు కర్ర తీశారు. పక్కింటి పెద్దాయన ఇద్దర్నీ ఆపారు. "లాగితే రెండిటికీ లోపల చిరిగిపోతుందమ్మా, వాటంతటవే విడిపోతాయి" అన్నారు. ఆయన చెప్పింది నిజం. పావుగంట నుంచి అరగంట పడుతుంది, దగ్గర కూర్చుని తల పట్టుకుని నిమరడమే చేయాల్సింది. సరిగ్గా తొమ్మిది వారాలకి ఐదు పిల్లలు పుట్టాయి. అన్నిటికీ ఇళ్ళు వెతకడానికి మూడు నెలలు పట్టింది. ఒక పిల్ల బతకలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే గట్టిగా చెబుతున్నాను, మొదటి చుక్క చూసిన రోజుని గోడ క్యాలెండర్ మీద రాయండి. అక్కడి నుంచి కనీసం మూడు వారాలు, వీలైతే నాలుగు, బయటికి వదలొద్దు. వరండాలో కట్టేయడం అసలు వద్దు. మగకుక్క గోడ దూకి వస్తుంది, గ్రిల్ గేటు సందుల్లోంచి కూడా జత కట్టిన సందర్భాలున్నాయి. ప్యాడ్ వేశాం కదా అనే ధీమా కూడా వద్దు, అది ఇల్లు పాడవకుండా ఉండటానికే. మన ఎండలకి రాపిడితో చర్మం కందిపోతుంది, మూడు నాలుగు గంటలకోసారి మార్చి, రాత్రి కాసేపు తీసేయండి. వీధిలోని మగకుక్కలు గేటు ముందు కొట్టుకుంటాయి, పిల్లల్ని అటు పంపకండి.

రెండోసారి మేం చిన్నిని డాబా మీదికే తీసుకెళ్ళాం. వీధిలో పోసే అలవాటు కాబట్టి ఒక రోజంతా బిగబట్టుకుంది. పక్కన కట్టుబడి జరుగుతుంటే అడిగి తట్టెడు ఇసుక తెచ్చి ప్లాస్టిక్ తొట్టెలో పోశాం. దాని మూత్రం తుడిచిన గుడ్డ ఆ ఇసుకలో పెడితే వాసన చూసి కూర్చుంది. ఆ తర్వాత ఇబ్బంది లేదు.

స్నానం గోరువెచ్చని నీళ్ళతో చేయించవచ్చు. తిండి కాస్త తగ్గితే బలవంతం చేయకండి. చిన్ని పెరుగన్నమే తినేది. నీళ్ళు మాత్రం మానకూడదు.

హీట్ అయిపోయాక రెండు నెలలు ఓ కన్నేసి ఉంచాలి. గర్భం లేకపోయినా కొన్నిటికి పాలు వస్తాయి, బొమ్మల్ని పిల్లల్లా దాచుకుంటాయి. పిండకండి, పిండితే ఇంకా వస్తాయి. అంతకంటే ప్రమాదమైనది గర్భసంచిలో చీము పట్టడం. గుంటూరు కొరిటెపాడులో మా చెల్లెలి కుక్కకి ఆరేళ్ళు. హీట్ అయిన నెలన్నరకి గిన్నెడు నీళ్ళు తాగి, మళ్ళీ గిన్నె దగ్గరికే వెళ్ళేది. ఎండాకాలమేగా అనుకున్నారు. వాంతులు మొదలైతే ఒకచోట సెలైన్ పెట్టి పంపేశారు. మర్నాడు ఇంకో డాక్టరు స్కానింగ్ తీస్తే సంచి నిండా చీము. ఆ రాత్రే ఆపరేషన్ చేసి బతికించారు. చీము బయటికి కారకపోయినా లోపల ఉండొచ్చు. కాబట్టి అతిగా నీళ్ళు తాగడం, నీరసం, వాంతులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

ఆపరేషన్‌కి ముందు ఒకసారి పిల్లల్ని పెట్టాలన్నది నిజం కాదు, దానివల్ల ఆరోగ్యానికి ఏ మేలూ లేదు. గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఈ చీము భయం దాదాపు పోతుంది. హీట్‌లు ఎన్ని ఎక్కువ దాటితే రొమ్ము గడ్డల ప్రమాదం అంత పెరుగుతుంది. లాబ్రడార్ పెద్ద జాతి కాబట్టి కీళ్ళు, ఎదుగుదల దృష్టిలో పెట్టుకుని ఎప్పుడు చేయించాలో డాక్టరుతో మాట్లాడండి. ఇప్పుడైతే వద్దు, ఆ భాగానికి రక్తప్రసరణ ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా హీట్ అయ్యాక రెండు మూడు నెలలు ఆగమంటారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడగొచ్చు. హీట్ రాకుండా ఆపే హార్మోన్ ఇంజెక్షన్ ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి, చీము పట్టే ప్రమాదాన్ని అదే పెంచుతుంది. పొరపాటున జత కట్టినా సొంతంగా ఏ ఇంజెక్షనూ వేయించకండి, వెంటనే డాక్టరుకి చూపించి, నాలుగు వారాలకి స్కానింగ్ తీయించండి.

నిన్న మొదలైందన్నారు కాబట్టి వచ్చే వారం చివరికి ఎరుపు తగ్గడం మొదలవుతుంది. ఇసుక తొట్టె ఇవాళే పెట్టి అలవాటు చేయండి. పాలప్యాకెట్లకి గేటుకి బయట వైపు సంచి తగిలించండి.